బ్రేకు పట్టీ

కర్నూలు, కడప జిల్లాలు మెట్టభూములకు పేరు పొందినవి. ఒకవైపున నల్లమల కొండలు, వేరొకవైపున ఎఱ్ఱమల కొండలు. వాని నడుమ కుందూనది కిరువైపుల నల్లరేగడి పొలములు. సుంకేసుల వద్ద తుంగభద్రను వీడి బయలుదేరిన కె.సి. కాలువ కడప వరకు ప్రవహించుచు, తాను పాఱిన మేర నేలను చల్లబఱచుచున్నది. తక్కిన నేల వానకై ఎదురు చూచునదే. వేసవిలో ఎండ 40 డిగ్రీలను దాటును. ఊరికిని ఊరికిని నడుమ దూరము ఎక్కువ. దారిప్రక్క నీడ తక్కువ. ఇట్టి సీమలో సైకిలు ఎందఱికో కాళ్లకు తోడు. పాలు పోయువాడును, కూరగాయల గంప కట్టుకొని సంతకు పోవువాడును, పొరుగూరి బడికి పోవు బాలుడును దానినే నమ్ముకొని యున్నారు.

అయితే ఈ సీమలోని దారులు సైకిలునకు కఠినపరీక్షలు. తుమ్మముండ్లు ట్యూబులను పొడుచును. వానకాలమున రేగడిమన్ను బంకవలె చక్రమునకును మడ్గార్డునకును నడుమ పేరుకొనును. కంకరదారిలో సైకిలు అదరి అదరి నట్లు వదులగును. ట్యూబు పంక్చరైనచో ఎవరికైనను వెంటనే తెలియును. కాని బ్రేకు తన చోటు తప్పినప్పుడు ఆ సంగతి చాలమందికి తెలియదు. ప్రమాదము ఎదుటకు వచ్చినప్పుడే అది తెలియును; తెలిసియు అప్పుడు ప్రయోజనము లేదు.

కడపలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు కలడు. వాని తండ్రి తాను ఏండ్ల తరబడి వాడిన సైకిలును వానికి ఇచ్చెను. అది కడ్డీ బ్రేకులు గల పాతరకపు బండి. చూచుటకు బరువుగా నున్నను గట్టిది. బాలుడు దానిని ప్రతిదినము తుడిచి, చైనునకు నూనె వేసి, మిక్కిలి ప్రీతితో చూచుకొనుచుండెను. నూనె వేసిన కొలది సైకిలునకు మేలని వాని నమ్మకము. కావున కదలు ప్రతి కీలులోను, కదలని ప్రతి బిగింపులోను నూనె పోసెడివాడు.

ఒక ఆదివారము నాడు వాడు తన చిన్నాన్నతో కలిసి గువ్వలచెరువునకు బయలుదేరెను. కడప నుండి రాయచోటికి పోవు దారిలో కనుమ నెక్కిన పిదప ఆ ఊరు వచ్చును. అచ్చటి పాలకోవ ప్రసిద్ధమైనది. ఇరువురును చెరియొక సైకిలు మీద తెల్లవారకమునుపే బయలుదేరి, కనుమలో చాలవరకు బండ్లను నడిపించుకొని పోయి, చుట్టముల యింట భోజనము చేసి, సాయంకాలము కోవపొట్లము కట్టించుకొని తిరుగు ప్రయాణమైరి. ఎక్కునప్పుడు పడిన శ్రమ నంతయు దిగునప్పుడు తీర్చుకొందునని బాలుడు ఉత్సాహముతో నుండెను.

కనుమ మొదట చిన్నాన్న సైకిలు దిగెను. “నాయనా, దిగుటకు ముందు బ్రేకులు చూచుకొనవలెను. ఏదీ, నీ వెనుక బ్రేకు పట్టుము” అనెను.

బాలుడు మీటను నొక్కెను. అది హ్యాండిలు గొట్టమును తాకు వరకు వచ్చెను. చిన్నాన్న వెనుక చక్రమును పైకెత్తి త్రిప్పి, మరల నొక్కుమనెను. చక్రము కొంచెము నెమ్మదించెనే గాని నిలువలేదు.

“ఇది ఎప్పటినుండి ఇట్లున్నది?”

“నాలుగు దినముల క్రిందట వదులైనది, చిన్నాన్నా. నేనే కడ్డీ మీది నట్టు త్రిప్పి సరిచేసితిని. రెండు దినములు బాగుగనే పనిచేసినది.”

చిన్నాన్న నేలమీద మోకరిల్లి బండి అడుగుభాగమును పరీక్షించెను. బ్రేకు కడ్డీలు ముందుభాగము నుండి వెనుకకు నేరుగా పోజాలవు. దారిలో మలుపు తిరుగవలెను. ఆ మలుపు వద్ద మోచేతివలె వంగిన చిన్న ఇనుపముక్క యుండును. దానిని సైకిలు గొట్టమునకు పట్టియుంచునది ఒక ఇనుపపట్టీ. పనివారు దానిని క్లిప్పు అందురు. బాలుడు మీట నొక్కినప్పుడెల్ల ఆ పట్టీయే గొట్టము మీద జారుచున్నది! అది మొదట నున్న చోట రంగు మాయక ఉంగరమువలె మెఱయుచున్నది. పట్టీ దానికి బొటనవ్రేలి వెడల్పు దూరమునకు జరిగిపోయినది.

బాలుడు దానిని చూచి కొంత సిగ్గుపడెను. అయినను, “ముందు బ్రేకు ఉన్నది గదా! మెల్లగా దిగుదును” అనెను.

“ఒక్క బ్రేకును నమ్మి కనుమ దిగరాదు, నాయనా. దానికేమైన సంభవించినచో ఇంక రెండవ దిక్కు లేదు. ఎక్కినట్లే నడచి దిగుదము” అని చిన్నాన్న నిశ్చయముగా పలికెను.

ఇరువురును బండ్లను నడిపించుకొని దిగసాగిరి. లారీలు, బస్సులు ప్రక్కగా పోవుచుండెను. సైకిళ్లు చేతనుండగా నడచిపోవు వారిని చూచి బస్సులోని పిల్లలు నవ్విరి. ప్రొద్దు గ్రుంకెను. కాళ్లు నొచ్చెను. బాలుడు మాటాడక నడచెను. అయితే ఒక మలుపులో, బరువెక్కిన లారీ యొకటి చీమవలె మెల్లగా దిగుట వాడు గమనించెను. అంత పెద్ద బండి అంత మెల్లగా ఏల దిగుచున్నదని అడిగెను. “ఆ బండి తోలువాడు కనుమను ఎఱిగినవాడు” అని చిన్నాన్న బదులు చెప్పెను.

చిన్నాన్న ఏల అంత జాగ్రత్త వహించెనో కొంచెము లెక్క వేసినచో మనకు బోధపడును. గాలి మొదలగువాని అడ్డు లేదనుకొన్నచో, నిలిచియున్న బండి 10 మీటర్ల ఎత్తు దిగునప్పటికే గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగమును పొందును. నిజమునకు గాలి కొంత అడ్డగించును గాని, కనుమ ఎత్తు 10 మీటర్లు మాత్రమే కాదు గదా! మఱియు వేగము రెండింతలైనచో, అదే బ్రేకుతో బండి నిలుచుటకు పట్టు దూరము రెండింతలు కాదు, నాలుగింతలగును. బాలుడును బండియు కలిసి 60 కిలోలు తూగుదురనుకొందము. 100 మీటర్ల ఎత్తు దిగుసరికి సుమారు 58,800 జౌళ్ల శక్తి వెలువడును. నెమ్మదిగా దిగవలెనన్నచో ఆ శక్తిలో అధికభాగమును బ్రేకు రబ్బర్లును, రిమ్మును రాపిడి చేత వేడిగా మార్చివేయవలెను. ఆ పని జరుగనిచో ఆ శక్తి యంతయు బండి వేగమగును.

మఱునాడు బాలుడును చిన్నాన్నయు ఊరిలోని సైకిలు అంగడికి పోయిరి. అచ్చటి మేస్త్రీ వృద్ధుడు. ఆయన సైకిలును తలక్రిందుగా నిలిపి, ఒకమాఱు మీట నొక్కి చూచి నవ్వెను.

“ఏమి నాయనా, ఈ కడ్డీని నీవు బిగించితివా?”

“అవును తాతా. బ్రేకు వదులైనందున బిగించితిని.”

“బ్రేకు వదులు కాలేదు. దానిని మోయు పట్టీ వదులైనది. నీవు కపిలబావిని చూచితివా?”

“చూచితిని. ఎద్దులు మోకును లాగుచు వాలులోనికి దిగును. గిలక మీదుగా నీళ్లబాన పైకి వచ్చును.”

“ఆ గిలకను మోయు దూలము కదలుచున్నదనుకొనుము. ఎద్దులు లాగిన బలమంతయు ఏమగును?”

బాలుడు ఆలోచించి, “దూలమే ముందునకు వంగును. బాన పైకి రాదు” అనెను.

“ఆ దూలమునకు మాఱుగా మోకును పొట్టిగా కట్టినచో?”

“ఆ పూటకు నీళ్లు వచ్చును. దూలము మాత్రము ఇంకను వంగును.”

“నీవు చేసిన పని అదియే. కడ్డీని పొట్టి చేసితివి. పట్టీ మఱికొంత జారినది. జారుటకు ఇంక చోటు లేనినాడు ఏమగును?” అని మేస్త్రీ అడిగెను. బాలుడు బదులు చెప్పలేదు. కనుమ వాని కన్నుల ముందు నిలిచెను.

ఇందులో ప్రకృతిధర్మ మొకటి యున్నది. ఒక వస్తువు మఱియొక దానిని లాగినచో, రెండవదియు మొదటిదానిని అంత బలముతోనే ఎదురు లాగును. న్యూటను శాస్త్రజ్ఞుడు చెప్పిన మూడవ సూత్ర మిదియే. బ్రేకు రబ్బరును రిమ్మునకు అదిమిపట్టుటకు ఎంత బలము కావలెనో, తగినంత ఎదురుబలము ఆ మోచేతి ముక్కను పట్టిన పట్టీ మీదను పడుచుండును. ఆ పట్టీని గొట్టము మీద నిలుపునది రాపిడియే. రాపిడి చాలనప్పుడు చేతిబలము పట్టీని జరుపుటకే వ్యయమగును. గజేంద్రుని పట్టిన మొసలికి మడుగే బలమైనట్లు, బ్రేకునకును స్థానమే బలము.

మేస్త్రీ పని ప్రారంభించెను. మొదట పట్టీ బోల్టును వదులుచేసి, దానిని గొట్టము నుండి తీసెను. గొట్టము వ్రేలికి జిడ్డుగా తగిలెను. “ఇది నీవు పోసిన నూనె. నూనె కీలునకు మిత్రుడు; పట్టునకు శత్రువు. తిరుగుచోట వేయుము. బిగింపు చోట వేయకుము” అని చెప్పుచు, కిరసనాయిలు తడిపిన గుడ్డతో గొట్టమును, పట్టీ లోపలి భాగమును తుడిచెను. కిరసనాయిలు కూడ పలుచని జిడ్డును విడుచును గనుక, తరువాత సబ్బునీళ్లతో కడిగి పొడిగుడ్డతో ఆఱునట్లు ఒత్తెను.

తరువాత పట్టీని వెలుతురునకు పట్టి చూచెను. వంపుచోట పగులు లేదు. బోల్టు మరలు అరిగిపోలేదు. అటుపిమ్మట దానిని గొట్టమునకు తొడిగి బిగించి, బాలుని దగ్గఱకు పిలిచెను. “దీని రెండు చెవులను చూడుము.”

పట్టీ కొనలు రెండును చెవులవలె ముందునకు వచ్చి, వాని గుండా బోల్టు పోవుచుండెను. ఆ చెవులు రెండును ఒకదానినొకటి తాకియున్నవి.

“చెవులు కలిసిన తరువాత పానాతో ఎంత త్రిప్పినను బోల్టు చెవులనే నొక్కునుగాని, పట్టీ గొట్టమును నొక్కదు. బిగించినామని మన చేతికి తోచును. అది వట్టి భ్రమ. చెవుల నడుమ ఎప్పుడును కొంత ఎడము మిగిలి యుండవలెను. అప్పుడే పట్టు ఉన్నదని తెలియును” అని మేస్త్రీ వివరించెను.

పట్టీ గొట్టము కంటె కొంచెము పెద్దదైనను, ఏండ్ల వాడుకలో సాగినను ఇట్లగును. దీనికి మేస్త్రీ చేసిన ఉపాయము సులభమైనది. పాతడబ్బారేకు నుండి పట్టీ వెడల్పునకు సరిపడు సన్నని ముక్కను కత్తిరించి, అంచులు చేతికి గీచికొనకుండ ఆకురాయితో నునుపు చేసి, గొట్టము చుట్టును ఒక్క చుట్టు చుట్టెను. దానిపై పట్టీని తొడిగి బిగింపగా చెవుల నడుమ వడ్లగింజ పట్టునంత ఎడము నిలిచెను.

“పాతట్యూబు ముక్క చుట్టరాదా, తాతా? అది జారదు గదా!” అని బాలుడు ప్రశ్నించెను.

“రబ్బరు మెత్తనిది. గంటను, దీపమును నిలుపుటకు చాలును. బ్రేకుబలము దానిపై పడినచో అది నలిగి, సాగి, పట్టీ మరల కదలును. పని ఎట్టిదో తెలిసి సరుకు నెంచవలెను” అని మేస్త్రీ బదులు చెప్పెను.

పట్టీని ఎక్కడ నిలుపవలెను? గొట్టము మీద మెఱయుచున్న పాతగుర్తియే దానికి సాక్షి. మేస్త్రీ పట్టీని ఆ గుర్తు మీదికే తెచ్చెను. బాలుడు పొట్టిచేసిన కడ్డీని మరల మొదటి పొడవునకు విడిచెను. పిదప రబ్బర్లను చూచెను. కడ్డీ బ్రేకులో రబ్బర్లు టైరును తాకరాదు, పుల్లలను తాకరాదు. గుఱ్ఱపు రికాబువంటి కడ్డీకి అమర్చిన ఆ రెండు రబ్బర్లును, పుల్లలకు ఇరుప్రక్కల రిమ్ము లోపలి తలమును సమముగా నొక్కవలెను. మీట విడిచినప్పుడు రబ్బరునకును రిమ్మునకును నడుమ సుమారు 3 మిల్లీమీటర్ల ఎడము ఉండవలెను. అంతకు ఎక్కువైనచో మీట హ్యాండిలును తాకును. తక్కువైనచో చక్రము రాచుకొనును. చైను బిగించుటకై వెనుక చక్రమును వెనుకకు జరిపినప్పుడు రిమ్ము రబ్బర్లకు దగ్గఱకు వచ్చును. కావున చైను సవరించిన ప్రతిసారియు బ్రేకును గూడ చూచుకొనవలెను.

బోల్టును బిగించునప్పుడు మేస్త్రీ బలమునంతయు చూపలేదు. సైకిలు గొట్టము లోపల బోలుగా నుండును. మితిమీరి బిగించినచో అది నొక్కుకొనిపోవును. లేదా బోల్టు మరలు తెగును. “పట్టు కావలెను గాని, పంతము కూడదు” అని ఆయన నవ్వెను.

తుదకు ఆయన చేసిన పరీక్ష బాలునకు మిక్కిలి నచ్చెను. పట్టీ అంచు వెంబడి గొట్టము మీద సుద్దముక్కతో సన్నని గీత గీసి, “ఇప్పుడు నీ బలమంతయు చూపుము. పదిసార్లు నొక్కుము” అనెను. బాలుడు నొక్కెను. పట్టీ గీతను విడువలేదు. తరువాత బండిని నడిపించుచు ఒకసారి, సమతలమున మెల్లగా తొక్కుచు ఒకసారి బ్రేకు వేయించెను. చక్రము నిలిచెను; గీత చెదరలేదు. “రెండు దినములు తిరిగిన పిదప మరల ఈ గీతను చూడుము. క్రొత్తగా బిగించిన పట్టీ కొంత సర్దుకొనును. అప్పుడు ఇంకొకమాఱు బిగించినచో చాలును” అని చెప్పి పంపెను.

ముందు బ్రేకులోను ఇట్టి పట్టీలు కలవు. ముందు ఫోర్కు కాళ్లకు చెరియొక పట్టీని బిగించి, రికాబు కొనలు వానిలో పైకిని క్రిందికిని జరుగునట్లు అమర్చుదురు. ఈ పట్టీలు జారుట మఱింత అపాయకరము. ఏలయనగా ఫోర్కు కాళ్లు క్రిందికి పోవుకొలది సన్నమగును. పట్టీ కొంచెము క్రిందికి జారెనా, అచ్చట గొట్టము సన్నము గనుక ఇంకను వదులగును. ఆధారము తప్పిన రికాబును తిరుగుచున్న రిమ్ము తనతో ముందునకు ఈడ్చును. రబ్బరు ప్రక్కకు ఒరిగి పుల్లలలో చిక్కుకొన్నచో, చక్రము ఒక్కసారిగా నిలిచి, ఎక్కినవాడు హ్యాండిలు మీదుగా ముందునకు పడును. కావున ఈ పట్టీలను మొదటి చోటికే తెచ్చి బిగింపవలెను. జారిన చోటనే బిగించి ఊరకుండరాదు.

తీగబ్రేకులు గల సైకిళ్లలో ఏర్పాటు వేరు. అందు కత్తెరవంటి రెండు చేతులు రిమ్మును ఇరుప్రక్కల నుండి పట్టుకొనును. ఆ చేతులు రెండును ఫోర్కు తలలోనుండి పోవు ఒకే బోల్టు మీద ఆధారపడి యుండును. దాని వెనుక నట్టు వదులైనచో బ్రేకు మొత్తము ఒక ప్రక్కకు తిరిగి, ఒక రబ్బరు ఎల్లప్పుడు రాచుకొనును. చాలమంది ఆ రబ్బరును అరుగదీయుదురు. లేదా తీగను వదులుచేయుదురు. చేయవలసినది బ్రేకును నడుమకు త్రిప్పి పట్టుకొని, వెనుక నట్టును బిగించుటయే. యంత్రము మాఱినను నీతి మాఱలేదు.

సైకిలు చరిత్రలో బ్రేకునకు చోటు కుదురుటకే కొంతకాలము పట్టినది. ఇంగ్లాండు దేశములోని కోవెంట్రీలో 1885వ సంవత్సరమున జాన్ కెంప్ స్టార్లీ అనునాతడు రెండు చక్రములును దాదాపు సమానముగా నుండి, వెనుక చక్రము చైనుతో తిరుగు రోవరు సైకిలును తయారుచేసెను. నేటి సైకిలు రూపము దానినుండి వచ్చినదే. ఆ కాలపు బండ్లలో చెంచావంటి ఇనుపముక్క టైరునే పైనుండి నొక్కెడిది. 1888లో జాన్ బాయిడ్ డన్లప్ గాలిటైరునకు పేటెంటు పొందెను. గాలిటైరు మెత్తనిది, చెంచాబ్రేకు దానిని త్వరగా అరుగదీయును. అందుచేత బ్రేకును టైరు మీదినుండి రిమ్ము మీదికి మార్చిరి. మన దేశమున 1949లో మద్రాసునందు టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడిన తరువాత హెర్క్యులిస్ బండ్లు ఇచ్చటనే తయారై దక్షిణదేశపు పల్లెలకు చేరినవి. కడ్డీ బ్రేకులు గల ఆ రకపు గట్టిబండ్లు సుమారు 20 కిలోలు తూగుచు, బియ్యపుబస్తాను సైతము మోయగలవై ప్రజల మన్నన పొందినవి.

ఆ బాలుడు కొన్ని వారములైన పిదప చిన్నాన్నతో మరల గువ్వలచెరువునకు పోయెను. తిరుగుదారిలో కనుమ మొదట వాడే ముందుగా బండి దిగి, మోకరిల్లి సుద్దగీతను చూచెను. పట్టీ గీతమీదనే యుండెను. రెండు బ్రేకులను పట్టి చూచుకొని, వేగము పెరుగకమునుపే బ్రేకు వేయుచు, మలుపు మలుపునకు నెమ్మదించుచు క్రిందికి దిగెను. సగము దారిలో ఒకమాఱు ఆగి, రిమ్మును వ్రేలితో తాకి చూచి, “వెచ్చగా నున్నది, చిన్నాన్నా!” అనెను. కనుమ ఇచ్చిన వేగమును బ్రేకు వేడిగా మార్చుచున్నదని వానికిప్పుడు తెలియును.

మనము వాడు వస్తువులలో లోపము కనబడు చోటొకటి, లోపము పుట్టు చోటొకటి. కనబడిన చోటనే సవరించినచో పని ఆ పూటకు జరుగును. లోపము మాత్రము దాగి పెరుగుచుండును. పుట్టిన చోటును వెదకి సవరించుటకు కొంత ఓర్పు కావలెను. ఒక్కొక్కప్పుడు, దారిన పోవువారు నవ్వుచుండగా బండిని నడిపించుకొని పోవు ధైర్యమును కావలెను. ఆ ఓర్పును, ధైర్యమును గలవాడే యంత్రమును నమ్మదగినవాడు. యంత్రమును వానిని మోసగింపదు.

ప్రశ్నలు

1. కనుమ మొదట చిన్నాన్న సైకిలు దిగి నడువుమని ఏల చెప్పెను?
2. కపిలబావి ఉపమానముతో మేస్త్రీ బాలునకు బోధించిన విషయమేమి?
3. పట్టీ చెవులు రెండును కలిసినచో బిగింపు ఏల నిష్ప్రయోజనమగును?
4. ముందు ఫోర్కు మీది పట్టీ జారుట ఏల మిక్కిలి అపాయకరము?
5. మీ యింటనున్న సైకిలు బ్రేకును పెద్దల యెదుట సుద్దగీతతో పరీక్షించి, మీరు చూచిన దానిని పది వాక్యములలో వ్రాయుడు.